మోకాళ్ళ లోతు సముద్రం

అర్పిత ఎనిమిదో తట్ట దగ్గరికి వచ్చింది. తాజా మల్బరీ ఆకు పరిచి, పురుగులు పైకి ఎక్కేదాకా ఆగి, ఆకుతో సహా వాటిని పక్క తట్టలోకి మార్చి, అడుగున మిగిలిన ఈనెలను, పెంటను గంపలోకి దులుపుతూ ఉంది. పట్టుపురుగులు మూడో జ్వరం లేచి రెండు రోజులైంది. పాత చర్మం విడిచే ముందు పురుగుకు వచ్చే మత్తును ఆ పల్లెల్లో జ్వరమనే అంటారు. జ్వరం లేచిన పురుగును చేత్తో లాగకూడదు. దాని కాళ్ళు ఆకును వదలవు, లేత చర్మం చిట్లిపోతుంది. అదే ఎక్కాలి, మనమే ఆగాలి. ఆగడం అర్పితకు చిన్నప్పటినుంచీ వచ్చు.

షెడ్డు గోడకు అవతల అరుగు మీద ఆమె తాత ఓబలప్ప, పక్కింటి ఆవులప్ప కాఫీ తాగుతున్నారు. తాత గొంతు ఆ పూట చాలా హుషారుగా ఉంది.

"మా పాప ఏం కెలసానికి పోతా ఉందో తెలుసునా ఆవులప్పా? సముద్రం కొలిచే పని."

"సముద్రాన్ని ఎట్ల కొలుస్తారప్పా, శేరుతోనా, పడితోనా?"

"లోతు కొలిచేదిరా. అదీ ఎంత లోతనుకున్నావు? మోకాళ్ళ దాకా. సముద్రం నడిమధ్యలో పడవోడు దిగి నిలబడినాడంట, పైకి కట్టిన పంచె గూడా తడవలేదంట."

"ఇదేం అన్యాయమప్పా. మా బోరు పదహైదు నూర్ల అడుగులు పోయినా చెమ్మ తగల్లేదు. వాళ్ళకేమో మోకాలి లోతులోనే సముద్రమా?"

ఇద్దరూ నవ్వారు. ఓబలప్ప అంతటితో ఆగలేదు. "నేను పదివేల అడుగులు దిగినోణ్ణి. చాంపియన్ రీఫ్ గని అడుగున రాయి ముట్టుకుంటే చెయ్యి కాలేది. నా మనవరాలు మోకాళ్ళ లోతు కొలిచి జీతం తీసుకుంటాది. దానికి భయపడి నేను మూడు దినాలు వద్దన్నాను చూడు. ఊరికే, సుమ్నే భయపడినాను."

తట్ట అంచు పట్టుకున్న అర్పిత చేయి అట్లాగే ఆగిపోయింది. ఆ నవ్వుకు కారణం తనే. మనవరాలు చెప్పినంత మాత్రమే తాతకు తెలుసు. ఆమె చెప్పింది సగమే.

కోలారులో సర్వే డిప్లొమా చదివి, రెండేళ్ళు రోడ్ల పనుల్లో కొలతలు తీసిన అర్పితను, పోయిన నెల చెన్నైకి చెందిన ఒక సర్వే కంపెనీ పది రోజులు రామేశ్వరం దగ్గరి పాంబన్‌కు పిలిపించుకుని పని చూపించింది. పది రోజులే కదా అని పంపిన తాత, ఉద్యోగం ఖాయమని కాగితం వచ్చేసరికి ససేమిరా అన్నాడు. ముళబాగిలు నుంచి లారీ తోలే నాన్న మునిశంకర్ ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు. "మా నాయన సరే అంటే నాకేమీ లేదు మా." తాత సరే అనలేదు. నాలుగో రోజున, ఏదో ఒకటి చెప్పి ఆయన్ను నవ్విద్దామని, అర్పిత పడవవాడి సంగతి ఎత్తింది. నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించని చోట పడవ ఇసుకకు తగిలి ఆగింది. పడవవాడు పంచె ఎగగట్టి దిగి, రోడ్డు మీద నిలబడినట్టు సముద్రంలో నిలబడ్డాడు. తాత కళ్ళనిండా నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "ఇంతేనా, అట్లయితే పో" అన్నాడు.

తర్వాత జరిగింది ఆమె చెప్పలేదు. సోమవారం పనిలో చేరాలి. ఈ రోజు శనివారం. రేపు సాయంత్రం బంగారుపేటలో రైలు ఎక్కాలి. ఇంకొక్క రోజు నోరు మూసుకుంటే చాలు.

ఆమె మిగిలిన తట్టలు కూడా శుభ్రం చేసింది. గంప తీసుకుపోయి పెంటకుప్ప మీద పోసింది. చేతులు కడుక్కునేటప్పుడు ఆవులప్ప గేటు దాటుతూ, "ఏం పాపా, ఈతయినా వచ్చునా? అవునులే, మోకాళ్ళ లోతులో ఈదేదేముంది, పారాడితే చాలు" అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

ఓబలప్ప కోలారు బంగారు గని మూతపడేదాకా ముప్పైనాలుగేళ్ళు సర్వే గ్యాంగులో చైన్‌మన్‌గా చేశాడు. అంటే సొరంగాల్లో కొలత గొలుసు ఒక కొస పట్టుకుని నిలబడే మనిషి. అర్పిత రెండో తరగతిలో ఉన్నప్పుడు, ముడులు వేసిన తాడుతో ఇంటి వాకిలి కొలవడం ఆమెకు నేర్పింది ఆయనే. ఒకసారి గడ్డివామి అవతల కొస చూడకుండానే ఆమె పలక మీద అంకె రాసేసింది. తాత ఆ పలక తుడిచేశాడు. "చూడని అంకె రాసినావంటే, కింద ఎవుడో ఒకడు రాయి కింద పడతాడు" అన్నాడు. కేకలేమీ వేయలేదు గానీ, ఆ మాట అన్నప్పటి ఆయన ముఖం ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆమె పెట్టె తెరిచి, మడతపెట్టిన పటం తెచ్చి తాత ముందు నేల మీద పరిచింది. వంటింటి గడపలో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చిన్నవెంకటమ్మ తలెత్తి చూసింది. కూతురు ముఖం చూడగానే ఏదో చెప్పబోతోందని ఆమెకు తెలిసిపోయింది. వద్దని కళ్ళతోనే సైగ చేసింది.

"తాతా, నీకు ఇది చూపించలేదు కదా."

ఓబలప్ప కళ్ళజోడు సవరించుకుని వంగాడు. నేల ఉన్న చోట పటం ఖాళీగా ఉంది. నీళ్ళు ఉన్న చోట మాత్రం రాగులు చల్లినట్టు అంతా అంకెలు. ఎప్పుడూ నేల పటాలే చూసిన ఆయనకు అది తిరగేసిన చొక్కాలాగా కనిపించింది.

"ఏమమ్మా ఇది, ఊర్లు రాయకుండా నీళ్ళు రాసినారు."

"ఓడ నడిపేవాళ్ళకు ఊర్లతో ఏం పని తాతా. నీళ్ళ కిందిదే వాళ్ళ దోవ."

ఆమె వేలితో చూపించింది. ఇది మన దేశం తోక. ఇది రామేశ్వరం దీవి. ఇక్కడినుంచి లంక దాకా నీళ్ళలో ఇసుక తిట్టలు వరసగా ఉన్నాయి. ఈ పక్క మన్నారు సముద్రం, ఆ పక్క పాక్ జలసంధి. చెన్నై నుంచి తూత్తుకుడికి పోవాల్సిన పెద్ద ఓడ ఇటు రాలేదు, లంకను చుట్టేసి పోవాలి. చిన్న ఓడలు, పడవలు, సరుకు బార్జీలను లాగే టగ్గు పడవలు మాత్రం దీవికీ నేలకూ మధ్య ఉన్న ఈ ఇరుకు సందులోంచి పోతాయి. ఓడలకు దోవ ఇవ్వడానికి అక్కడి రైలు వంతెన పైకి లేచేదాకా లంగరు వేసుకుని రోజుల తరబడి కాచుకుంటాయి. లేచినాక కూడా, దోవ తెలిసిన మనిషి ఓడలో ఉంటే తప్ప కదలవు.

"ఇంత చిన్న అంకెలకా?" ఓబలప్ప చదివాడు. "రెండు. మూడు. ఒకటిన్నర. అడుగులా?"

"మీటర్లు. ఇదిగో, ఇక్కడ నాలుగు అని ఉండాది చూడు. మా పడవ ఇసుకకు తగిలింది ఇక్కడే."

"నాలుగు మీటర్లలో తగలడమేంది? పదమూడు అడుగులు గదా."

"అదే తాతా. పటంలో నాలుగు ఉండాది. మేము పోయినప్పుడు మోకాళ్ళ లోతు."

ఓబలప్ప తలెత్తాడు. "ఎవుడో తప్పు రాసినాడు."

"తప్పు కాదు. వాళ్ళు కొలిచినప్పుడు నాలుగే ఉండింది."

"కొలిచినాక కొలిచినట్టే గదా. మేము సొరంగం కప్పులో ఇనుప మేకు కొట్టి నంబరు వేస్తే, ముప్పై ఏండ్లయినా ఆ మేకు ఆణ్ణే ఉంటాది."

"అది రాయి తాతా. ఇది ఇసుక. సంవత్సరంలో సగం దినాలు నీళ్ళు ఇటునుంచి అటు పోతాయి. గాలి మారినాక అటునుంచి ఇటు వస్తాయి. పోతా ఇసుకను ఎత్తుకుపోతాయి, వస్తా తెచ్చి ఇంకో చోట పోస్తాయి. ఒక కాలంలో కొలిచిన దోవ ఇంకో కాలంలో ఉండదు. అందుకే మళ్ళీ మళ్ళీ కొలవాల."

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. అర్పిత అమ్మ వైపు చూడలేదు.

"ఆ పడవాయన దిగి నిలబడినాడని చెప్పినా కదా. తరవాత ఏమైందో నీకు చెప్పలేదు."

చెప్పడం మొదలుపెట్టగానే ఆ రోజులు మళ్ళీ ఆమె కళ్ళ ముందు నిలిచాయి. మొదటి రోజు బస్సు రోడ్డు వంతెన ఎక్కినప్పుడు కిటికీలోంచి చూస్తే, ఒకే నీళ్ళు రెండు రంగుల్లో ఉన్నాయి. ఒక పక్క పాలు కలిపిన పచ్చన, కదలకుండా. ఇంకో పక్క నల్లటి నీలం, వంతెన కాళ్ళకు నురుగు కడుతూ. కోలారు పల్లెలో పుట్టి, సముద్రాన్ని ఫోన్‌లో తప్ప చూడని అమ్మాయి కిటికీ ఊచలకు ముఖం ఆనించింది. బస్సులో మిగిలినవాళ్ళు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఇంత పెద్దదాన్ని పక్కన పెట్టుకుని ఎట్లా తింటున్నారో ఆమెకు అర్థం కాలేదు.

మూడో రోజు పడవలో పోయారు. పడవ అడుగున కట్టిన పరికరం కిందికి చప్పుడు పంపి, అది తిరిగి వచ్చే కాలాన్ని బట్టి లోతు చెబుతుంది. తెర మీద అంకెలు నాలుగు, మూడు, రెండు అని దిగిపోతుంటే ఆమె అరిచే లోపే పడవ రాసుకుని ఆగింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కింద ఇసుక మీద దున్నిన చేను సాళ్ళ లాగా గీతలు. పడవవాడు దిగాడు, నిలబడ్డాడు, అందరూ నవ్వారు. పడవను తొయ్యడానికి అతను నాలుగు అడుగులు పక్కకు వేశాడు. ఐదో అడుగుకు మనిషి లేడు.

"లేడంటే?"

"ఇసుక తిట్ట అక్కడికి తెగిపోయింది తాతా. గోడ మాదిరి. వానికి ఈత వచ్చు, అక్కడే పుట్టినోడు. అయినా తల పైకి వచ్చేటప్పటికి ఈడనుంచి ఆవులప్ప వాళ్ళ గేటంత దూరంలో ఉన్నాడు. పైన నీళ్ళు కదులుతున్నట్టే లేవు. కింద మాత్రం పరిగెత్తుతా ఉండాయి. తాడు విసిరినాము. రెండుసార్లు అందలేదు. మూడోసారి పట్టుకున్నాడు. పడవలోకి లాగినాక అట్లే పండుకోని ఉన్నాడు. తరవాత లేచి, ఇంజను చూసుకుని, మళ్ళీ ఒడ్డుకు నడిపినాడు."

ఓబలప్ప పటం మీదికి వంగి ఆ నాలుగు అనే అంకెను వేలితో ముట్టుకున్నాడు. వేలు అక్కడే ఉంచి, "ఇక్కడ ఊరేదో ఉండాలే" అన్నాడు. "ధనుష్కోడి."

"ఇదిగో, ఈ కొసన. ఇప్పుడు ఊరు లేదు తాతా. గోడలే ఉండాయి. పందొమ్మిది నూర్ల అరవై నాలుగులో, డిసెంబరులో, తుపాను వచ్చి ఊరు ఊరంతా పోయింది. స్టేషనుకు వస్తా ఉన్న రైలు గూడా. నూరుమందికి పైన ఉన్నారంట అందులో. లోతు లేని సముద్రం గదా, గాలి తోస్తే నీళ్ళకు కిందికి పోయే చోటు లేదు. పైకి లేచినాయి."

తాత ఆ కొస మీదికి వేలు జరిపాడు. తర్వాత చెప్పిన మాటలు మనవరాలికి చెప్పినట్టు లేవు.

"సవరిముత్తు అని ఉండేవాడు. ఆ ఊరోడే. తుపాను పోయిన నాలుగైదు ఏండ్లకు గనికి వచ్చినాడు. నీళ్ళు లేని చోట బతకాలని వచ్చినాడంట. గొలుసు ఆ కొస వాడు పట్టేది, ఈ కొస నేను. వాడు చెప్పేవాడు, మా ఊర్లో రెండు సముద్రాలు, ఒకటి ఆడది, ఒకటి మొగది, రెండింటి మధ్యన మా ఇల్లు అని. ఒక దినం షాఫ్టు కాడ, మమ్మల్ని కిందికి దింపే కేజి కోసరం కాచుకోని ఉంటిమి. గ్యాంగంతా ఉండాది. మీ సముద్రం లోతెంతరా అని అడిగినాను. నడుముదాకా, కొన్ని తావుల్లో మోకాలిదాకా అన్నాడు. నేను నవ్వినాను. పదివేల అడుగులు దిగే మొగోళ్ళం రా మనం, నడుముదాకా నీళ్ళల్లో ఊరు ఎట్ల మునిగిందిరా, అందరూ పండుకోని ఉన్నారా అన్నాను. గ్యాంగంతా నవ్వింది."

"వాడేమన్నాడు తాతా?"

"ఏమీ అనలేదు. కేజి వచ్చింది, దిగినాము. ఆ దినం మొదలుకొని పదకొండు ఏండ్లు నా పక్కన కూచుని అన్నం తినలేదు. గొలుసు మాత్రం ఒక్క పొద్దు గూడా వదులుగా పట్టలేదు. కొలత కరెక్టుగా చెప్పేవాడు. నాతో మాట్లాడితే అంకెలే. అరవై రెండు, నలభై, నూట ఏడు. అంకెలు తప్ప ఇంగొక మాట లేదు. వానికి పొగరని అనుకున్నాను. నిన్నటిదాకా గూడా అట్లే అనుకున్నాను."

ఆయన పటాన్ని మడవబోయి, మడతలు కుదరక, అట్లాగే వదిలేసి లేచాడు. అరుగు మీదికి పోయి గోడకు ఆనుకుని కూచున్నాడు.

చిన్నవెంకటమ్మ చేట పక్కకు నెట్టింది. గొంతు తగ్గించి, "నోరు మూసుకోని ఉండలేకపోతివా మ్మే" అంది. "నవ్వుకుంటా పంపిస్తా ఉండిన మనిషిని కూచోబెట్టి, ఎట్ల చస్తారో నేర్పిస్తివి. ఇంగ పో, రేపు పురుగులకు ఆకు నువ్వే వేద్దువు."

"అబద్ధం చెప్పి పోలేనమ్మా."

"అబద్ధం ఎవురు చెప్పమన్నారు? ఊరికే ఉండమంటిని." కొంచెంసేపయ్యాక చిన్నవెంకటమ్మ మళ్ళీ అంది. "ఆ పడవోనికి పెండ్లాం బిడ్డలు ఉండారా?"

"ఇద్దరు ఆడపిల్లలు."

"మళ్ళా మరుసనాడు పోయినాడా పడవలో?"

"ఆ మధ్యాహ్నమే పోయినాడు."

చిన్నవెంకటమ్మ చేట దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం ఓబలప్ప ఎప్పటిలాగే మల్బరీ తోటలోకి పోయి, ఎప్పటిలాగే ఆకు కోసుకొచ్చాడు. ఆవులప్ప గేటు దగ్గర నిలబడి, "ఏమప్పా, ఇంగా మోకాళ్ళ లోతేనా, రాత్రికి పాదాల దాకా వచ్చిందా" అంటే, "నోరు మూసుకోని పో రా" అన్నాడు. ఆవులప్ప నిజంగానే నోరు మూసుకుని పోయాడు. అంతకు ముందెప్పుడూ ఓబలప్ప ఆయనతో అట్లా మాట్లాడలేదు.

ఆదివారం ఉదయం తాత నేల మీది పటం ముందు కూచుని ఉన్నాడు. అర్పిత తట్టలకు ఆకు వేసి వచ్చేసరికి అట్లాగే ఉన్నాడు. చూపుడువేలు పెట్టి ఒక్కొక్క అంకె లోలోపల చదువుకుంటున్నాడు. కిందినుంచి పైకి, లంక వైపునుంచి దీవి వైపుకు. వరస తప్పినప్పుడు మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఎండ గడప దాటి పటం మీదికి వచ్చింది. ఆయన జరగలేదు.

"ఇన్ని అంకెలు, ఒక్కొక్కదాని కాడా ఎవుడో ఒకడు పడవ ఆపినాడు గదా" అన్నాడు చివరికి.

"ఆపినాడు తాతా. ముందు కాలంలో పరికరాలు లేవు. తాడుకు సీసం గుండు కట్టి వదిలేవాళ్ళంట. తాడు మీద గుర్తులు ఉండేవి. గుండు అడుగున మైనం పూసేవాళ్ళంట, కింద ఇసుకో బురదో అంటుకోని వస్తాదని."

"చీకట్లోకి తాడు వదిలి, చేతికి తగిలేది చూసుకోని రాసినారు." ఆయన తల ఊపాడు. ఇది ఆయనకు తెలిసిన పని. "నువ్వు రాసే అంకె ఎవురికి పోతాది?"

"ఓడ నడిపేవాళ్ళకి. వంతెన లేచినాక మా అంకెలు చూసుకోనే సందులోంచి తోల్తారు."

"వాళ్ళు మళ్ళీ కొలుచుకోరా?"

"వాళ్ళకు టైము ఉండదు తాతా. నమ్మి తోల్తారు."

ఆ మాట విన్నాక ఆయన కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. సరే అనలేదు. వద్దు అనలేదు. పటాన్ని మడవడానికి ఈసారి మనవరాలి చేత కూడా పట్టించాడు. చెరొక కొసా పట్టుకుని, పాత గీతల వెంట, మడత మీద మడత వేశారు.

బస్సు మూడు గంటలకు. రెండున్నర అయింది. అమ్మ అన్నీ సర్దింది. చింతకాయ తొక్కు సీసా చీర పేలికలో చుట్టి పెట్టింది. రెండు కిలోల రాగిపిండి పెట్టింది. తీరా జిప్పు పట్టకపోతే మోకాలు ఆనించి లాగింది. నాన్న ఫోన్ చేసి, "తాత ఏమన్నాడు మా" అని అడిగాడు. అర్పిత, "ఇంకా ఏమీ అనలేదు నాయనా" అంది. లారీ చప్పుడులో ఆయన ఏదో అన్నాడు, వినపడలేదు.

"పోయి అడుగు" అంది చిన్నవెంకటమ్మ.

"నేను చెప్పాల్సింది చెప్పినానమ్మా. ఇంగ అడిగేది లేదు. ఆయన వద్దంటే పోను."

"బస్సు పోతాది."

"పోనీ."

ఆమె బ్యాగు పక్కన, గోడకు ఆనుకుని నిలబడింది. పురుగు ఆకు ఎక్కేదాకా ఆగినట్టే ఆగింది. కళ్ళు మూస్తే రెండు రంగుల నీళ్ళు, వాటి మధ్య గీసినట్టున్న అంచు. ఆ అంచు దగ్గర పడవ ఆపి, అంకె చూసి, రాసి, మళ్ళీ కొంచెం జరిగి, మళ్ళీ ఆపి. ఒక మనిషి బతుకంతా కొలిచినా అయిపోని పని. అది తనకు దొరకబోయి తప్పిపోతుందేమో. తప్పిపోయినా, తాత తెలిసే వద్దన్నాడని ఉంటుంది. తెలియక పొమ్మన్నాడని ఉండదు.

ఓబలప్ప లోపలి గదిలోంచి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. కోడలి వైపు చూశాడు, మనవరాలి వైపు చూశాడు. వంగి బ్యాగు పట్టీ పట్టుకుని ఒకసారి ఎత్తి, ఎంత బరువుందో చూసుకున్నాడు. భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, పట్టీ ఒరుసుకోకుండా తిరిగి భుజాన వేసుకున్నాడు. బ్యాగు ఎత్తుకున్నాడు. బరువుకు ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిటారుగా అయి, చెప్పులు తొడుక్కుని, గడప దాటి బస్సు ఆగే రోడ్డు వైపు నడిచాడు.